చిలికాలో చిన్న పడవ: మంగళజోడి పక్షుల మధ్యకి ఎలా వెళ్లాలి

విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్లే రైల్లో బరంపురం దాటాక కుడివైపు కిటికీ దగ్గరికి జరగండి. రంభ, ఖల్లికోట్, బాలుగావ్ స్టేషన్ల మధ్య ఎక్కడో ఒకచోట నీళ్లు మొదలవుతాయి, అవతలి గట్టు కనబడదు. పిల్లలుంటే "సముద్రమా?" అని అడుగుతారు. సముద్రం కాదు, చిలికా. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి సరస్సు, మన పులికాట్ కంటే పెద్దది. మనవాళ్లు చాలామంది దీన్ని ఇలా కిటికీలోంచే చూసేసి, పూరీ జగన్నాథుడి దర్శనం చేసుకుని, కోణార్క్‌లో ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తారు. నేనూ చాలా ఏళ్లు అంతే.

ఈ సరస్సు ఉత్తరపు కొసన మంగళజోడి అనే ఊరుంది. అక్కడ ఇంజను లేని చిన్న చెక్కపడవ ఒకటి మీ ఇంటివాళ్ల కోసమే మాట్లాడుకోవచ్చు. వెదురు గెడతో ఒకాయన పడవ నెడుతుంటే, జమ్ముగడ్డి మధ్య సన్నటి నీటి దారుల్లో రెండు మూడు గంటలు తిరిగి రావచ్చు. అది ఎలా చేయాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో చెప్తాను. పొరపాట్లు చాలావరకు నేను చేసినవే.

ముందు ఏ బోటింగ్ కావాలో తేల్చుకోండి

చిలికాలో బోటింగ్ అంటే ఒక్కటి కాదు. పూరీ వైపు నుంచి వెళ్తే సాతపడా వస్తుంది. అక్కడ మోటారు బోట్లు, ఐరావడీ డాల్ఫిన్లు. బాలుగావ్, బర్కుల్ దగ్గర ఎక్కితే దీవి మీద ఉన్న కాళిజై అమ్మవారి గుడికి తీసుకెళ్తారు, సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర. రంభ వైపు కొండలు, చిన్న దీవులు, ఖల్లికోట రాజులు కట్టించిన గది మిగిలిన బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. ఇవన్నీ కాక మంగళజోడి.

మొదటిసారి నేను సాతపడా వెళ్లాను. పూరీలో ఒక ఏజెంటు మాట నమ్మి "ప్రైవేటు బోటు" అని డబ్బు కట్టాను. తీరా రేవుకి వెళ్తే అందులో అప్పటికే ఇంకో రెండు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. ఇంజను మోతకి పక్కవాడి మాట వినబడలేదు. డాల్ఫిన్ వీపు రెండుసార్లు తేలింది, మా వాళ్లలో సగం మంది ఆ రెండుసార్లూ వేరే వైపు చూస్తున్నారు. ఇసుక దిబ్బ మీద దింపితే ఒకతను ముత్యపు చిప్ప పగలగొట్టి "చూడండి, ఇప్పుడే తీశా" అంటూ ముత్యం అమ్మబోయాడు. అలాంటివి కొనకండి. డాల్ఫిన్లే చూడాలంటే సాతపడాకే వెళ్లాలి, అది వేరే సంగతి. సరస్సు మొత్తం మీద అవి నూటయాభైకి అటూ ఇటూ ఉంటాయంతే. కనబడకపోతే ఎవరినీ తిట్టలేం.

మంగళజోడిలో అలాంటి అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు. సీజన్‌లో వెళ్తే పక్షులు కనబడి తీరతాయి. ఎంత దగ్గరగా కనబడతాయన్నదే తేడా, అది మీ చేతుల్లో ఉంటుంది.

నెల, వారం, గంట

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్లండి. డిసెంబరు, జనవరి అన్నిటికంటే మంచివి. మధ్య ఆసియా, మంగోలియా, సైబీరియా వైపు నీళ్లు గడ్డకట్టేటప్పుడు అక్కడి పక్షులు దక్షిణానికి దిగుతాయి. చిలికా వాటికి పెద్ద మజిలీ. ఈ మధ్య ఏళ్లలో జనవరి లెక్కింపుల్లో సరస్సు మొత్తానికి 10 లక్షలకు పైగా పక్షులు తేలుతున్నాయి.

అక్టోబరులో టికెట్లు తీసుకోకండి. పక్షులు రావడం అప్పుడే మొదలవుతుంది, పైగా అది తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ మన పలాసనే ఊపేసింది, రెండూ అక్టోబరులోనే. మార్చి సగం దాటితే ఎండ ముదురుతుంది, వలస పక్షులు తిరుగుముఖం పడతాయి.

క్రిస్మస్ నుంచి జనవరి మొదటి ఆదివారం దాకా ఉన్న రోజులు వదిలేయండి. భువనేశ్వర్ జనం పిక్నిక్‌కి వస్తారు. పడవ దొరికినా ముందూ వెనకా ఇంకో పదిహేను పడవలుంటాయి. మంగళవారమో బుధవారమో వెళ్తే అదే సరస్సు వేరేలా ఉంటుంది.

ఇక గంట. దీని గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. పొద్దున్న సూర్యుడు వచ్చేసరికి మీరు పడవలో ఉండాలి. డిసెంబరులో అక్కడ ఆరుంపావు ప్రాంతంలో తెల్లవారుతుంది. ఆరింటికి రేవులో ఉంటే సరి. తొమ్మిదిన్నర దాటితే ఎండ నీళ్ల మీద మెరిసి కళ్లు చికిలించాల్సి వస్తుంది, తిండి ముగించుకున్న పక్షులు దూరంగా వెళ్లి ముక్కు రెక్కలో పెట్టుకుని నిద్రపోతాయి. "టిఫిన్ తినేసి తీరిగ్గా పదకొండింటికి వెళ్దాం" అన్న మా బావగారి సలహా విని ఒకసారి వెళ్లాం. దూరంగా నల్లటి చుక్కలు చూసి వచ్చాం. పొద్దున్న కుదరకపోతే మధ్యాహ్నం మూడింటికి ఎక్కండి. సాయంత్రం ఐదుంపావుకల్లా పొద్దు కుంకుతుంది, ఆలోగా వెనక్కి రావచ్చు. ఒక్కోరోజు పొద్దున్న మంచు దట్టంగా పడుతుంది. అప్పుడు కంగారు పడి బయల్దేరకుండా అరగంట ఆగితే సరిపోతుంది.

ఎలా చేరుకోవాలి, ఎక్కడ పడుకోవాలి

మంగళజోడి ఖుర్దా జిల్లాలో, జాతీయ రహదారి మీదున్న టాంగీ నుంచి లోపలికి ఉంటుంది. భువనేశ్వర్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, కారులో గంటన్నర, రెండు గంటలు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు భువనేశ్వర్ దాకా వెళ్లి వెనక్కి రావడం దండగ. బాలుగావ్‌లో ఆగే రైలు చూసుకుని అక్కడ దిగితే ఆటోకో కారుకో 30 కిలోమీటర్ల చిల్లర. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ బాలుగావ్‌లో ఆగవు, టికెట్ తీసుకునేటప్పుడు చూసుకోండి. సొంత కారులో శ్రీకాకుళం మీదుగా వెళ్లేవాళ్లకైతే ఇచ్ఛాపురం దాటాక దారంతా హైవేనే.

ముందురోజు సాయంత్రానికి చేరి ఊళ్లోనే పడుకోండి. ఊరివాళ్లు నడిపే కాటేజీలున్నాయి, సాదాగా ఉంటాయి. దోమలుంటాయి, భోజనం వాళ్లు వండిందే తినాలి. అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), చేపల పులుసు, అడిగితే పీతలు. గదులు తక్కువ కాబట్టి శనివారాలకి నెల ముందే ఫోన్ చేయాలి. భువనేశ్వర్‌లో పడుకుని వస్తామంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. పిల్లలతో అది అయ్యే పని కాదు.

ఊరికి సాయంత్రం చేరితే ఖాళీగా కూర్చోకుండా కట్ట మీద నడిచి రేవు చూసిరండి. కాపలా గోపురం ఒకటి ఉంది, పైకెక్కితే రేపు మీరు తిరగబోయే చోటంతా ఆకుపచ్చ చాపలా కనబడుతుంది. ఈ ఊరివాళ్లు పడవలు చేయడంలో కూడా పేరున్నవాళ్లే. ఎక్కడైనా పలకల పడవ బోర్లించి పని చేస్తుంటే ఆగి చూడండి.

పడవ మాట్లాడుకోవడం

ఇక్కడ రేటు పడవకి లెక్క, మనిషికి కాదు. అది ఏటా మారుతుంది కాబట్టి అంకె చెప్పను. ఊరివాళ్ల పర్యాటక సంఘాల దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, అదే ఇవ్వండి. బేరం ఆడాల్సిన చోటు కాదిది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ నాలుగూ అడిగి తేల్చుకోండి: ఎన్ని గంటలు తిప్పుతారు? గైడ్ డబ్బు ఇందులో కలిసిందా, వేరేగా ఇవ్వాలా? బైనాక్యులర్ ఇస్తారా? లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా?

చివరి ప్రశ్న చాలామంది అడగరు. పెద్దవాళ్ల జాకెట్ ఆరేళ్ల పిల్లకి తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి, పిల్ల కిందికి జారిపోతుంది. చిన్న జాకెట్లు లేవంటే మీరే ఒకటి కొని తెచ్చుకోండి.

పడవలో ఎంతమంది? ఐదుగురు పడతారు అంటారు, పడతారు కూడా. కానీ ముగ్గురే ఎక్కండి, మరీ అయితే నలుగురు. మీరు ఆరుగురుంటే రెండు పడవలు తీసుకోండి. అదేం దుబారా కాదు. ఐదుగురు కూర్చున్న పడవలో మధ్యవాళ్లకి ముందువాళ్ల తలలే కనబడతాయి, బరువుకి పడవ నీళ్లలో లోతుగా దిగి చిన్న పాయల్లోకి పోలేదు. గైడ్ దూరం నుంచి చూపించి "అక్కడికి వెళ్లలేం సార్" అంటాడు. ముగ్గురుంటే అదే పాయలోకి వెళ్తుంది.

భాష గురించి టెన్షన్ వద్దు. హిందీ సరిపోతుంది. పూరీ, గోపాల్‌పూర్ తీరాల్లో తెలుగు మాట్లాడే జాలర్లున్నారు గానీ మంగళజోడిలో నాకు అలాంటివాళ్లు తగల్లేదు. రెండు మూడు ఒడియా మాటలు నేర్చుకుంటే మాత్రం వాళ్ల మొహం విచ్చుకుంటుంది. పడవ నడిపే ఆయన్ని "భాయినా" అనండి, అన్నయ్యా అన్నట్టు. పడవ "డొంగా", మన దోనెకి చుట్టంలా ఉంటుంది. ఒకచోట కాసేపు ఆపమనాలంటే "టికే రుహంతు" అంటే చాలు. నేను ఎక్కువసార్లు వాడింది ఆ మాటే.

ఏం తీసుకెళ్లాలి

బట్టలు బూడిద, ఆకుపచ్చ, మట్టి రంగుల్లో ఉండాలి. తెల్లచొక్కా, ఎర్ర చున్నీ వద్దు. పట్టుచీర కట్టుకుని ఫొటోల కోసం వచ్చినవాళ్లను చూశాను, వాళ్ల పడవ ముందు పోతుంటే మా దాకా ఒక్క పక్షీ మిగల్లేదు. డిసెంబరు తెల్లవారుజామున నీళ్ల మీద చలి బాగానే ఉంటుంది. ఎనిమిదింటికి విప్పేసి ఒళ్లో పెట్టుకునే స్వెటర్ చాలు. అంచున్న టోపీ కావాలి, గాలికి పోకుండా తాడు కట్టుకోండి.

బైనాక్యులర్ సొంతంగా కొనేవాళ్లు 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది) అని రాసున్నది చూసుకోండి. పెద్ద అంకె ఉంటే బాగా కనబడుతుందనుకుని 10, 12 కొంటారు. పడవ కొద్దిగా ఊగినా ఆ పెద్ద అంకెలో పక్షి గంతులేస్తుంది. కెమెరా ఉంటే 300, 400 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది, ఇక్కడ పక్షులు అంత దగ్గర. ఫోన్‌తోనే తీసేవాళ్లు బైనాక్యులర్ ఒక కంటికి ఫోన్ కెమెరా ఆనించి ప్రయత్నించండి, నాలుగో ప్రయత్నానికి వస్తుంది. డ్రోన్ సంచిలోంచి తీయనే తీయకండి. ఒక్కసారి ఎగిరితే ఆ మైదానం మొత్తం ఖాళీ అయిపోతుంది.

ఫోన్ జిప్ కవర్లో పెట్టుకోండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, సిగ్నల్ లేక యూపీఐ తిరుగుతూ కూర్చుంటే ఇబ్బంది. నీళ్ల సీసా, మోషన్ సిక్‌నెస్ ఉన్నవాళ్లకి నిమ్మకాయ (నిజానికి ఈ పడవ ఊగేది చాలా తక్కువ). చిప్స్ ప్యాకెట్లు వద్దు. చెత్త సంగతి అటుంచి, ఆ కవర్ చప్పుడు నీళ్ల మీద ఎంత దూరం పోతుందో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

ఎక్కే ముందు బాత్రూమ్‌కి వెళ్లిరండి. మూడు గంటలు గట్టు తగలదు. పిల్లలకీ, పెద్దవాళ్లకీ ఈ మాట రెండుసార్లు చెప్పండి.

ఎక్కడం, కూర్చోవడం

పడవ అడుగు చదునుగా, గోడలు పొట్టిగా ఉంటాయి. అంచు మీద కాలు పెట్టి ఎక్కకూడదు, అటు ఒరిగిపోతుంది. గైడ్ చెయ్యి అందుకుని, కాలు పడవ మధ్యలో అడుగున పెట్టి, వెంటనే కూర్చోండి. ఒకళ్లు కూర్చున్నాకే ఇంకొకళ్లు ఎక్కాలి. మా అమ్మకి నీళ్లంటే భయం. గెడ వేసే ఆయన గెడని నీళ్లలోకి దింపి అడుగు తగిలించి, పైకి తీసి తడిసిన మేర వేలితో చూపించాడు. ఆమె నడుము దాకా కూడా లేదు. అప్పుడు కూర్చుంది. లోతు తక్కువే కానీ అడుగున బురద ఉంటుంది, కాలు దిగితే లాగడం కష్టం. అందుకని జాకెట్ తీసేయమని ఎవరు చెప్పినా తీయకండి.

ముందు వరసలో కెమెరా ఉన్నవాళ్లు, మధ్యలో పిల్లలు, పెద్దవాళ్లు. ఎంత కిందికి కూర్చుంటే అంత మంచిది. నిలబడ్డ మనిషి ఆకారం పక్షికి బాగా తెలుసు, పడవలో కూర్చున్న మనిషిని అది పడవలో భాగం అనుకుంటుందో ఏమో, పెద్దగా పట్టించుకోదు.

నీళ్ల మీద

ఇంజను ఎందుకు పెట్టుకోలేదా అని మొదటి ఐదు నిమిషాల్లో అనిపిస్తుంది, గెడ అంత నెమ్మది. దానికి రెండు కారణాలు. నీళ్లు చాలాచోట్ల రెండు మూడు అడుగులే, నాచు మరీ ఎక్కువ, ఫ్యాన్‌కి చుట్టుకుపోతుంది. రెండోది, మోతకి పక్షులు నిలవవు. మహానది పాయలు దయా, భార్గవి ఈ ఉత్తరపు కొసనే సరస్సులో కలుస్తాయి కాబట్టి ఇక్కడ నీళ్లలో ఉప్పు తక్కువ. జమ్ము, తుంగ, కలువ పెరిగేది అందుకే, పక్షులకి తిండీ చాటూ దొరికేదీ అందుకే.

ఇక్కడ మీరు చేయాల్సింది ఒకటే: దారి ఆయనకి వదిలేయండి. పడవ మీది, దారి ఆయనది. "అటు పోనివ్వండి, అక్కడ గుంపు ఉంది" అని వేలు చూపించి మరీ తరుముతారు మనవాళ్లు. గుంపుకి ఎదురుగా వెళ్తే గుంపు లేస్తుంది. ఆయన వంకరగా, పక్కనుంచి, వాటితో పని లేనట్టు వెళ్తాడు. పది నిమిషాల తర్వాత చూస్తే మీరు వాటి పక్కనే ఉంటారు. మీరు అడగగలిగింది, అడగాల్సింది ఒక్కటి: సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా పడవ తిప్పమనండి. అప్పుడే రంగులు తెలుస్తాయి. ఎండకి ఎదురుగా చూస్తే ప్రతి పక్షీ కాకిలాగే ఉంటుంది.

మాట్లాడాలంటే గుసగుసగా మాట్లాడండి. వేలు చూపించాలంటే చెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి, మెల్లిగా. గడియారం పద్ధతి పిల్లలకి నేర్పితే సరదాగా ఉంటుంది: పడవ ముక్కు పన్నెండు, కుడిచెయ్యి మూడు. "రెండు గంటల దగ్గర, కలువాకుల మీద" అంటే అందరూ ఒకేచోటికి చూస్తారు.

మొదట కనబడేది నీలికోడి. ఊదా కలిసిన నీలిరంగు ఒళ్లు, ఎర్రటి లావుపాటి ముక్కు, నుదుటి దాకా ఎరుపు. ఇది మనకి అలవాటైన పక్షే కదా అని గైడ్లు ఆపరు, మీరు ఆపించండి. మేం ఆపించినప్పుడు ఒకటి ఐదారు అడుగుల దూరంలో ఉంది. తుంగ కాడ ఒకటి ముక్కుతో కొరికి లాగింది, ఎడమకాలి వేళ్లతో పట్టుకుని, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు పైకెత్తింది. పై పొర కొద్దికొద్దిగా ఒలిచి పారేసి, లోపలి తెల్లటి మెత్తటి భాగం మాత్రం తిని, కాడ వదిలేసి ఇంకోటి పట్టుకుంది. మా మేనల్లుడు ఫోన్ తీయడం కూడా మర్చిపోయి చూశాడు.

కలువాకుల మీద పొడవాటి వేళ్లతో, ఆకు మునగకుండా నడిచేది జకానా. బురదలో గుంపులు గుంపులుగా, పొడవాటి సూటి ముక్కు కళ్ల దాకా దించేసి కుట్టుమిషన్‌లా పొడుస్తుండేవి గాడ్‌విట్‌లు. మంగళజోడికి ఇవి ముఖ్యమైన అతిథులు. సూదితోక బాతులు లోతున్న చోట తల కిందికి పెట్టి తోకలు పైకి లేపి ఉంటాయి, దూరం నుంచి నీళ్లలో మేకులు గుచ్చినట్టుంటుంది. తెల్లటి తల మీద రెండు నల్లగీతలున్న బూడిదరంగు పెద్దబాతులు కనబడితే గైడ్ చెప్పకముందే సంతోషించండి. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చినవి అవి.

ఇంకొకటి ఉంది, మనవాళ్లకే ప్రత్యేకం. ఇటుకరంగు ఒళ్లు, పాలిపోయిన తల ఉన్న జంటలు గట్టు వారన కూర్చుని ఉంటాయి. గైడ్ ఇంగ్లిష్ పేరు చెప్పి ముందుకి పోతాడు. అవి చక్రవాకాలు. మన ప్రబంధాల్లో రాత్రయితే ఏటికి చెరో గట్టునా విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఏడ్చే జంట. తెలుగు పాఠంలో ప్రతిపదార్థం రాసుకుని మార్కులు తెచ్చుకున్న పక్షిని నలభై దాటాక మొదటిసారి కళ్లారా చూశాను. అవి విడిపోయి ఏం లేవు. పక్కపక్కనే నిలబడి గడ్డి పీకుతున్నాయి. వాటి అరుపు మాత్రం ముక్కుతో పలికినట్టు "ఆంగ్, ఆంగ్" అని, కవులకి ఎందుకు దిగులనిపించిందో అర్థమయ్యేలా ఉంది.

ఫొటోల విషయంలో ఒక మాట. "ఎగిరే ఫొటో కావాలి" అని చప్పట్లు కొట్టడం, పడవని గుంపులోకి తోయమనడం చేయకండి. అవి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, మళ్లీ అంతదూరం పోవడానికి తిండి తింటున్నాయి. గద్ద వచ్చినప్పుడు ఎలాగూ లేస్తాయి. మూడు గంటల్లో ఒక్కసారైనా పిల్లిగద్ద లాంటిదేదో రెక్కలు చాచి తక్కువ ఎత్తులో వస్తుంది. అప్పుడు వేల రెక్కలు ఒక్కసారి లేచిన చప్పుడు వింటారు. కెమెరా ముందే సిద్ధంగా ఉంచుకోండి చాలు.

గెడ పట్టుకున్న ఆయన గురించి

పడవ నడిపేవాళ్లతో, గైడ్లతో మాట్లాడండి. ఈ ఊరు ఒకప్పుడు పక్షుల వేటకి పేరుపడ్డది. విషం పెట్టి, వలలు వేసి, తుపాకులతో కొట్టి హోటళ్లకి అమ్మేవాళ్లు. 2000 ప్రాంతం నుంచి ఊరివాళ్లే సంఘం పెట్టుకుని వేట మానారు, కాపలా కాశారు, తర్వాత పర్యాటకం వచ్చింది. అదే 2000లో సరస్సుకి కొత్త సముద్ర ముఖద్వారం తవ్వారు. పూడికతో చచ్చిపోతుందనుకున్న చిలికా కోలుకుని, 2002లో ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా నుంచి బయటపడింది.

ఏ పక్షి ఏ వేళకి ఎక్కడ వాలుతుందో, ఎంత దూరం దాకా ఓర్చుకుంటుందో వీళ్లకి అంత కచ్చితంగా ఎలా తెలుసో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. అయితే "మీరూ వేటాడేవాళ్లా?" అని ఎక్కగానే అడగకండి. మా గైడ్ రెండో గంటలో తనంతట తనే చెప్పాడు. ఒక పక్షి అరుపు నోటితో చేసి చూపించి, "ఇలా పిలిస్తే వచ్చేవి, మా నాన్న అప్పుడు కొట్టేవాడు" అన్నాడు. ఇంకేం అనలేదు. మేమూ ఏమీ అడగలేదు.

దిగాక

ఎక్కినప్పటిలాగే ఒక్కొక్కరుగా, మధ్యలోంచి దిగండి. మూడు గంటలు కదలకుండా కూర్చున్న మోకాళ్లు పట్టేసి ఉంటాయి, పెద్దవాళ్లని తొందరపెట్టకండి. సంఘానికి కట్టిన డబ్బు కాక గెడ వేసిన ఆయనకీ గైడ్‌కీ విడివిడిగా ఇవ్వండి. ఇద్దరికీ కలిపి ఒకరి చేతిలో పెడితే గొడవ. గైడ్ చెప్పిన పక్షుల పేర్లు ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోండి, మర్నాటికి సగం కలిసిపోతాయి.

టాంగీ దగ్గర హైవే మీద ముఢీ (మరమరాలు), ఘుగునీ (బఠాణీల కూర) తినేసి బయల్దేరితే మధ్యాహ్నానికి రైలందుకోవచ్చు. సొంత కారులో వచ్చినవాళ్లకి ఇంకొక్క చోటు చెప్తాను. తిరుగు దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. గూడబాతులు, రంగుల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి. అక్కడ పడవ అక్కర్లేదు, చెట్టు కింద నిలబడి తలెత్తితే చాలు. గొడుగు మాత్రం వేసుకోండి, ఎందుకో వెళ్లిన నిమిషానికే తెలుస్తుంది.